చేతులు శుభ్రమే అయినా అసహ్యం ఎందుకు పోదు?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ఉద్యోగరీత్యా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. బస్సులో కమ్మీ పట్టుకున్న రోజున ఇంటికి రాగానే అరగంటసేపు చేతులు కడుగుతాను. మురికి లేదని తెలిసినా అసహ్యం పోదు. ‘శుభ్రమేనా’ అని నా భార్యను పదేపదే అడుగుతాను. అమ్మ చాదస్తమంటోంది. ఇది మెదడు జబ్బా, మనోబలహీనతా?

సమాధానం: మీరు రాసినవి ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలు, ఆపుకోలేక పదేపదే చేసే పనులతో కూడిన జబ్బు) లక్షణాల్లా ఉన్నాయి. సైకియాట్రిస్టు మీతో మాట్లాడాకే నిర్ధారించాలి. దీన్ని బలహీనత అనలేం, చాదస్తమూ కాదు. చాదస్తం ఉన్నవారికి తమ పద్ధతే సరైనదనిపిస్తుంది. మీరు అనవసరమని తెలిసీ ఆపుకోలేకపోతున్నారు.

కళ్లకు పైభాగాన ఉండే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్, మెదడు లోతుల్లోని కాడేట్, థాలమస్ ఒక వలయంగా పనిచేస్తూ, ఏదో పొరపాటు జరిగిందన్న హెచ్చరికను లేపి, పని పూర్తవగానే దాన్ని అణచివేస్తుంటాయి. ఓసీడీలో ఈ వలయం అతిగా చురుగ్గా ఉండటంతో హెచ్చరిక ఒక పట్టాన ఆగదు. దానికి భావోద్వేగం తోడవుతుంది. మెదడులో భయానికి అమిగ్డలా అనే భాగం ముఖ్యమైతే, అసహ్యానికి ఇన్సులా అనే భాగం ముఖ్యం. కుళ్లిన వాసన తగిలినప్పుడు కడుపులో తిప్పినట్లయ్యే అనుభూతిలో దీని పాత్ర ఉంది. శుభ్రతకు సంబంధించిన ఓసీడీ ఉన్నవారిలో అసహ్యం పుట్టించే చిత్రాలకు ఇన్సులా ఎక్కువగా స్పందించినట్లు స్కాన్ అధ్యయనాల్లో కనిపించింది. అందుకే మీ కన్ను ‘శుభ్రమే’ అన్నా, ‘ఇక చాలు’ అన్న తృప్తి కలగదు. కడిగితే కాసేపు ఊరట కలుగుతుంది, ఆ ఊరట కోసమే మళ్లీ కడగడం మెదడుకు అలవాటవుతుంది. మీ భార్య ప్రేమతో ఇచ్చే భరోసా కూడా, పాపం, ఆ అలవాటునే పెంచుతోంది.

చికిత్సలో థెరపిస్టు పర్యవేక్షణలో కమ్మీ పట్టుకుని, కడగకుండా ఉండటాన్ని మెట్టుమెట్టుగా సాధన చేయిస్తారు. మొదట్లో కష్టమే. మెదడులో సెరటోనిన్ అనే రసాయనంపై పనిచేసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులను తరచూ డిప్రెషన్‌కు ఇచ్చేదానికన్నా ఎక్కువ మోతాదులో వాడవలసి వస్తుంది. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు కనుక, నెలకే మానేయవద్దు. 1992లో అమెరికాలో వెలువడిన, మెదడు చురుకుదనాన్ని చూపే పెట్ స్కాన్ అధ్యయనంలో, మందుతో మెరుగైనవారిలోనూ, కేవలం ఇలాంటి ప్రవర్తనా చికిత్సతో మెరుగైనవారిలోనూ కాడేట్ చురుకుదనం తగ్గింది. కడగకుండా ఓర్చుకునే సాధన కూడా మెదడును మారుస్తుందన్నమాట.

మీ ఊళ్లోనే హోసూరు రోడ్డులో ఉన్న జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. ముందుగా ఫోన్లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. క్లినిక్‌కు వెళ్లేటప్పుడు భార్యతోపాటు అమ్మగారినీ తీసుకెళ్లండి. మీరు అడిగినప్పుడు ఏమని బదులివ్వాలో వారికీ అక్కడ నేర్పుతారు.