రిటైరైనా నాలుగింటికే లేస్తున్నారు.. నిద్రమాత్ర వాడొచ్చా?

ప్రశ్న: మా నాన్నకు 67 ఏళ్లు. గోదావరిఖని బొగ్గుబాయిలో, అండర్‌గ్రౌండ్‌లో డ్రిల్లర్‌గా చేసి ఏడేళ్ల కిందట రిటైరయ్యారు. ఇప్పటికీ ఫస్ట్ షిఫ్టు ఉన్నట్టే తెల్లవారుజామున నాలుగింటికి లేచి కూర్చుంటారు. రాత్రి నిద్ర సరిగా పట్టదు. దగ్గు, దమ్ము ఎక్కువైతే మెడికల్ షాపులో ఇచ్చే చిన్న తెల్లమాత్ర వేసుకుంటారు. నిద్రకు మంచి మందు చెప్పగలరు.

సలహా: నాలుగింటికి లేవడం జబ్బేమీ కాదు. ఏళ్ల తరబడి షిఫ్టుల్లో తిరిగిన ఒళ్లు మస్టర్ (హాజరు) టైమ్‌ను అంత తొందరగా మరచిపోదు. పైగా వయసు మీద పడ్డాక మెలకువ ముందే వస్తుంది. నాకు టెన్షన్ పెడుతున్నది మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ దగ్గు, దమ్ము.

డ్రిల్లింగ్‌లో బొగ్గు ధూళితోపాటు రాతిలోని సిలికా కూడా ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఉద్యోగం మానేశాక కూడా అది అక్కడే ఉంటుంది. ఇలా ధూళి చేరడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు, న్యుమోకోనియోసిస్, సిలికోసిస్ లాంటివి కొందరిలో రిటైరయ్యాకే బయటపడతాయి. 'పీఎంఈలో (ఉద్యోగంలో ఉండగా చేసే వైద్య పరీక్షలో) ఫిట్ అన్నారు కదా సార్' అంటారు చాలామంది. అది అప్పటి మాట. సిలికా చేరిన వాళ్లకు టీబీ ముప్పూ ఎక్కువే.

ఇక ఆ తెల్లమాత్ర. స్ట్రిప్ చూడందే అదేమిటో కచ్చితంగా చెప్పలేను కానీ, దమ్ముకు ఇలా చేతిలో పెట్టేవి తరచూ స్టెరాయిడ్లే. వేసుకున్న పూట హాయిగానే ఉంటుంది. లోపల షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, అణగి ఉన్న టీబీ తిరగబెట్టవచ్చు. రాత్రిపూట వేసుకుంటే నిద్రా పట్టదు! దానికి మీరు ఇంకో మాత్ర అడుగుతున్నారు. కొన్ని నిద్రమాత్రలు శ్వాసను మందగింపజేస్తాయి, పరీక్ష చేయకుండా నేను రాయను. అలాగని తెల్లమాత్రను ఈరోజే ఆపేయించకండి. వారాల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా మానడం ప్రమాదం, డాక్టరే మెల్లగా తగ్గించాలి.

ఈ వారంలోనే పల్మనాలజిస్టుకు (ఊపిరితిత్తుల డాక్టరుకు) చూపించండి. ఛాతీ ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (ఊపిరి ఊది చేసే పరీక్ష), కఫం పరీక్ష, షుగర్ అవసరం కావచ్చు. టీబీకి కఫం పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. నాన్న ఏ పని ఎన్నేళ్లు చేశారో, రాయిలో డ్రిల్లింగా, బొగ్గులోనా, కాగితం మీద రాసి తీసుకెళ్లండి. చెప్పకపోతే ఆస్తమా అనుకుని మందులు రాసి పంపేసే వీలుంది. రిపోర్టులు పారేయకండి. నష్టపరిహారానికి చట్టం గుర్తించిన వృత్తి వ్యాధుల జాబితాలో న్యుమోకోనియోసిస్ ఉంది.

కఫంలో రక్తం పడినా, పెదాలు నీలంగా మారినా, కూర్చున్నా దమ్ము ఆగకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.