జీ++ ఇంకా 11 అనే చూపిస్తుంటే

కావలి తమ్ముడూ, ఉబుంటు 22.04లో జీసీసీ 13 (సీ, సీ++ కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్) ఎక్కించినా సీ++20లో వచ్చిన ‘ఫార్మాట్’ హెడర్ దొరకట్లేదని, వెర్షన్ అడిగితే 11 అనే వస్తోందని రాశావు. టెన్షన్ పడకు, ఎక్కడం సరిగ్గానే ఎక్కింది. జీ++ అంటే జీసీసీలో సీ++ కోసం వాడే కమాండ్. కొత్తది ‘జీ++-13’ అనే పేరుతో పక్కన ఉంటుంది. ఉత్త ‘జీ++’ అని కొడితే పాతదే పలుకుతుంది.

అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌లో (ఒకే పేరుకు ఏ వెర్షన్ పలకాలో ఎంచుకునే కమాండ్) 11, 13 రెండూ నమోదు చెయ్యి. జీసీసీకి జీ++ను స్లేవ్‌గా కట్టు, అంటే జీసీసీ మారితే జీ++ కూడా దాంతోపాటే మారాలి, లేకపోతే సీ ఒక వెర్షన్‌లో, సీ++ ఇంకో వెర్షన్‌లో నడిచి నీ తల తింటాయి. ఆ తర్వాత అదే కమాండ్‌ను కాన్ఫిగ్ ఆప్షన్‌తో నడిపి 13 ఎంచుకో.

అంతటితో అయిపోలేదబ్బా. 13 కూడా మామూలుగా సీ++17తోనే కంపైల్ చేస్తుంది, సీ++20 ఫ్లాగ్ నువ్వే ఇవ్వాలి. బిల్డ్ పనిని నడిపే సీమేక్ అనే టూల్ వాడుతుంటే పాత బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసెయ్యి. సీమేక్ మొదట చూసిన కంపైలర్ వివరాలనే పట్టుకుని వేలాడుతుంది.

11ను మాత్రం పీకెయ్యొద్దు, దాంతోపాటు బిల్డ్-ఎసెన్షియల్ (కంపైల్ చెయ్యడానికి కావాల్సిన టూల్స్ తెచ్చే ప్యాకేజీ) కూడా ఊడిపోతుంది.

ఒంగోలు కాలేజీ ల్యాబ్‌లోనూ 22.04 ఉందన్నావు కదా. అక్కడ సీ++ లైబ్రరీ పాతది కాబట్టి నీ ప్రోగ్రామ్ మొరాయించొచ్చు. లింక్ చేసేటప్పుడు ‘స్టాటిక్-లిబ్‌ఎస్‌టీడీసీ++’ ఆప్షన్ పెట్టి తీసుకెళ్లు, ఆ లైబ్రరీ నీ ప్రోగ్రామ్‌లోనే కలిసి వస్తుంది.