రెండు వారాలు ఆగినా మోకాలు, మడమ నొప్పి తిరిగొచ్చింది. హాఫ్ మారథాన్‌కి ఎలా తయారవ్వాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఉండేది ఒంగోలు, వయసు 38, వారానికి నాలుగు రోజులు పరుగు. 3 కిలోమీటర్లు దాటగానే కుడి మోకాలి బయటి వైపు నొప్పి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే అదే కాలి మడమలో మేకు దిగినట్టు ఉంటోంది. రెండు వారాలు పూర్తిగా ఆపితే తగ్గింది, మళ్ళీ పరుగెత్తిన రోజే రెండూ తిరిగొచ్చాయి. 8 వారాల్లో హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్ల పరుగు) ఉంది.

విశ్రాంతి నొప్పిని తగ్గిస్తుంది గానీ కాలికి బలం ఇవ్వదండీ. ఆ రెండు వారాల్లో పిక్క, తుంటి కండరాలు ఇంకాస్త నీరసించి ఉంటాయి, దూరం మాత్రం పాతదే పెట్టుకున్నారు. ఈసారి కాలి మీద పడే భారాన్ని పూర్తిగా తీసేయకుండా, కొలిచి కొలిచి పెంచాలి. ఎంత పడితే తట్టుకుంటుందో మర్నాడు పొద్దున చెబుతుంది. వ్యాయామం చేసేటప్పుడు నొప్పి పదికి మూడు మార్కులు దాటకూడదు, నడక కుంటకూడదు, మర్నాటికి మామూలు స్థాయికి దిగిపోవాలి. ఈ మూడూ కుదిరితే ఆ భారం సరిపోయినట్టే.

దీనికన్నా ముందు ఎముక చిట్లలేదని తేల్చుకోండి. పాదం పైభాగంలోనో మడమ ఎముకకు రెండు పక్కలా నొక్కినప్పుడో ఒక్క చోట, వేలితో చూపించగలిగేంత చిన్న చోట నొప్పి ఉంటే, పరుగెత్తేకొద్దీ పెరుగుతూ ఉంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే అది స్ట్రెస్ ఫ్రాక్చర్ కావచ్చు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగుంది, పరుగెత్తొచ్చు’ అనుకుని దెబ్బతినేది ఇక్కడే. అనుమానం ఉంటే ఎంఆర్‌ఐ చేయించాలి, అప్పటిదాకా కింద చెప్పే వ్యాయామాలు, గెంతడాలు ఏవీ వద్దు. వేళ్ళకు వెళ్ళే పొడుగు ఎముకల్లో చీలిక సాధారణంగా 6 నుంచి 8 వారాల్లో అతుక్కుంటుంది. పాదం మధ్యలో ఉండే నావిక్యులర్ ఎముక, చిటికెనవేలి ఎముక మొదలు మొండివి, వాటిని ఎముకల డాక్టర్ చూడకుండా వదలొద్దు. ఆడవాళ్ళకు పరుగు పెంచాక నెలసరి తప్పుతుంటే తిండి చాలడం లేదని అర్థం కావచ్చు, అలాగైతే ఎముక బలహీనమవుతుంది.

మోకాలు కొన్ని గంటల్లోనే ఉబ్బినా, మధ్యలో ఇరుక్కుపోయినా, ఉన్నట్టుండి మడతపడిపోతున్నా అది వేరే కథ, వెంటనే చూపించుకోండి. రెండు మడమలూ నొప్పిగా ఉండి, పొద్దున నడుము బిగుసుకుపోయి అరగంట దాటినా వదలకపోతే కీళ్ళవాతం డాక్టర్‌ను కలవాలి. కనిగిరి వైపు బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు ఇంకో మాట: ఆ ప్రాంతంలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములన్నది పరిమితి, దాన్ని బాగా మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే వెన్ను, కీళ్ళు బిగుసుకోవచ్చు. మెడ, నడుము, మోకాళ్ళు అన్నీ కలిసి పట్టేస్తుంటే దాన్ని పరుగు దెబ్బగా లెక్కవేయొద్దు.

మీ లక్షణాలు వీటిలో దేనికీ సరిపోవడం లేదు. మొదటి అడుగు నొప్పి అరికాలి పట్టీది, ప్లాంటార్ ఫేషియా అంటారు. బయటి వైపు మోకాలు నొప్పి ఐటీ బ్యాండ్‌ది, అంటే తుంటి నుంచి తొడ పక్కగా మోకాలి కిందిదాకా దిగే గట్టి పట్టీది. డాక్టర్ నోట కూడా ఇదే వస్తే కింది పద్ధతి మొదలుపెట్టండి.

మడమకు బాగా పనిచేసేది బరువుతో మడమలెత్తడం. మెట్టు అంచున నిలబడి, తువ్వాలును గట్టిగా చుట్టి వేళ్ళ కింద పెట్టండి, వేళ్ళు పైకి వంగి ఉండాలి. పట్టీ బిగిసేది ఆ వంపువల్లే, తువ్వాలు లేకుండా చేస్తే అది వట్టి పిక్క వ్యాయామం. గోడ పట్టుకుని ఒంటికాలి మీద 3 సెకన్లలో లేవాలి, పైన 2 సెకన్లు ఆగాలి, 3 సెకన్లలో దిగాలి. రోజు విడిచి రోజు. మొదటి రెండు వారాలు 12 చొప్పున మూడు విడతలు. తర్వాత రెండు వారాలు భుజాన బ్యాగు వేసుకుని, అందులో 5 కిలోల బియ్యం ప్యాకెట్ పెట్టి, 10 చొప్పున నాలుగు విడతలు. ఆపైన ఇంకా బరువు పెంచి 8 చొప్పున ఐదు. ఆఖరి లెక్కకు మళ్ళీ ఒక్కటి కూడా లేవలేనంత బరువు ఉండాలి. సులువుగా అయిపోతుంటే బ్యాగులో చాలలేదన్నమాట. ఒంటికాలి మీద మొదట 12 రాకపోతే రెండు కాళ్ళతో మొదలుపెట్టండి. చాలామంది మూడో వారంలో ‘తేడా లేదు’ అని మానేస్తారు. ఈ వ్యాయామం ఫలితం చూపించడానికి మూడు నెలలు పట్టొచ్చు, అంతవరకు పట్టు వదలొద్దు.

గ్రానైటో టైల్సో ఉన్న ఇంట్లో ఉత్త కాళ్ళతో తిరగడం ఈ నొప్పిని రోజంతా రాజేస్తూ ఉంటుంది. ఇంట్లోకే ఒక జత మెత్తటి చెప్పులు కొని మంచం పక్కన పెట్టుకోండి, మొదటి అడుగు వాటిలోనే పడాలి. ఎక్స్‌రేలో ‘మడమ ఎముక పెరిగింది’ అంటే బెంబేలెత్తొద్దు, నొప్పి లేనివాళ్ళలో కూడా ఆ ముల్లు చాలామందికి ఉంటుంది. స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు హాయినిస్తుంది కానీ పట్టీ తెగే ప్రమాదం, మడమ కింది కొవ్వు పలచబడే ప్రమాదం ఉన్నాయి. పరుగెత్తేవాళ్ళకు అది మొదటి మందు కాకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక మోకాలు. ఐటీ బ్యాండ్ నొప్పి ప్రతిసారీ ఇంచుమించు అదే దూరంలో మొదలవుతుంది. మోకాలు 30 డిగ్రీలు వంగినప్పుడు బ్యాండ్ బయటి ఎముక మీద ఒత్తుకోవడం దీనికి కారణం. ఫోమ్ రోలర్‌తో (కండరాలు రుద్దుకునే గట్టి స్పాంజి దిమ్మె) నొప్పి ఉన్నచోటే రుద్దకండి, ఆ పట్టీ అలా సాగేది కాదు, చోటు ఇంకా రేగుతుంది. పని చేయాల్సింది తుంటి పక్క కండరం మీద. పక్కకు పడుకుని పైకాలిని కాస్త వెనక్కి ఉంచి ఎత్తడం 15 చొప్పున మూడు విడతలు. తర్వాత 15 సెంటీమీటర్ల మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, రెండో మడమ నేలకు తాకేదాకా నెమ్మదిగా దిగి లేవడం 8 చొప్పున మూడు. అద్దం ముందు చేయండి: మోకాలు లోపలికి వాలినా, అవతలి తుంటి కిందికి జారినా మెట్టు ఎత్తు తగ్గించండి. నొప్పి పక్కన కాకుండా చిప్ప చుట్టూ ఉంటే, మెట్లు దిగేటప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు పెరుగుతుంటే తుంటితోపాటు తొడ ముందు కండరం కూడా బలపడాలి. నెల్లూరు దగ్గరి నరసింహకొండ మెట్లెక్కి దిగడం లాంటి సాధన ఈ రెండు నొప్పులకూ కొన్నాళ్ళు పనికిరాదు, దెబ్బంతా దిగడంలోనే ఉంది.

పరుగులో అడుగు చిన్నది చేసుకోండి. 30 సెకన్లలో కుడి పాదం ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 160 వస్తే అదే వేగంలో 168కి తీసుకురండి. అయిదు శాతం పెరిగినా మోకాలి మీద భారం తగ్గుతుంది. ఒకేసారి 180 అంటే పిక్కలు పట్టేస్తాయి.

నేల సంగతి మనవైపు ముఖ్యం. కొత్తపట్నం, మైపాడు బీచ్‌లలో ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒకే దిక్కుకు పోతే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. పొడి ఇసుకలో మడమ దిగబడి అరికాలికి ఎక్కువ పని. తగ్గేదాకా బీచ్ పరుగు మానండి. రోడ్డు అంచు వాలు కూడా అంతే, అలాగని హైవే మీద పక్కలు మార్చడం ప్రాణాపాయం. స్టేడియం గ్రౌండే మేలు, అక్కడ కూడా రోజు మార్చి రోజు తిరిగే దిక్కు మార్చండి.

మళ్ళీ పరుగు మొదలుపెట్టాలంటే 30 నిమిషాల వడి నడక, ఒంటికాలి మీద 20 మడమలెత్తుళ్ళు, అక్కడికక్కడే ఒంటికాలి గెంతులు 10 హాయిగా రావాలి. అప్పుడు 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక, ఇలా 8 సార్లు, రోజు విడిచి రోజు. రెండుసార్లు సాఫీగా జరిగితే 2 నిమిషాల పరుగుకి 1 నిమిషం నడక, తర్వాత 4కి 1, తర్వాత 9కి 1. మర్నాడు నొప్పి పెరిగితే ఒక మెట్టు వెనక్కి, సున్నాకు కాదు. మధ్య రోజుల్లో సైకిల్ తొక్కండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు తిన్నగా సాగేంత ఎత్తులో సీటు పెట్టుకోవాలి. సీటు కిందికైతే చిప్ప, మరీ పైకైతే మోకాలి బయటి వైపు నొప్పి పుడుతుంది.

నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తొద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి మన ఉక్కపోతలో ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీలను దెబ్బతీస్తాయి, పైగా ఆగమని చెప్పే నొప్పి తెలియకుండా పోతుంది.

8 వారాల్లో 21 కిలోమీటర్లు మాత్రం వదిలేయండి. వీలుంటే ఆ పోటీలోనే 5కేకి మార్చుకుని నడక, పరుగు కలిపి చేయండి. అరగంట ఆగకుండా పరుగెత్తగలిగిన రోజు నుంచి లెక్కపెడితే హాఫ్‌కి 12 నుంచి 14 వారాలు కావాలి. ఆ వారాల్లో ఏ ఒక్క పరుగూ, గడిచిన నెలలోని మీ అతి పొడుగు పరుగు కన్నా పది శాతానికి మించి పొడుగు కాకూడదు. మడమలెత్తడం, మెట్టు దిగడం వారానికి రెండుసార్లు పోటీ ముందు వారం దాకా సాగాలి.