నోటు వెనక్కి తిప్పి చూడండి

బీకాం మొదటి సంవత్సరంలో అకౌంట్లు, వ్యాపార చట్టం రెండూ బుర్రకెక్కడం లేదు, ఏ గైడు మంచిది అని అడిగారు. ఏ గైడూ వద్దు. మీ ఊళ్లో అరువిచ్చే కొట్టు ఒకటి చూసుకుని నెల రోజులు ఖాతా పుస్తకం ముందు కూర్చోండి. నేను అలాగే నేర్చుకున్నాను. కాకపోతే ఆ చదువుకు మా ఇంట్లో 24 వేలు వదిలాయి.

నరసన్నపేట దగ్గర మాకు ఎరువుల కొట్టుండేది. వరి పండించే ఊళ్లు కదా, యూరియా వానాకాలంలో పట్టుకెళ్తారు, డబ్బు పంట చేతికొచ్చాక ఇస్తారు. నాన్నకు వరసకు బావమరిది అయ్యే ఒకాయన బాకీ పెరిగి పెరిగి 32 వేలకు చేరితే, 2009 ఆగస్టులో ప్రామిసరీ నోటు రాయించుకున్నారు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం, అంతా పద్ధతిగానే. 2011 సంక్రాంతికి ఆయన 8 వేలు తెచ్చిచ్చాడు. నాన్న కాఫీ ఇప్పించి, తన ఖాతా పుస్తకంలో తన చేత్తోనే జమ రాసుకున్నారు. బీరువాలోంచి నోటు మాత్రం తీయలేదు.

2013 చివర్లో శ్రీకాకుళంలో ఒక వకీలు దగ్గరకు వెళ్లాం. ఆయన నోటు చదవనైనా లేదు, వెనక్కి తిప్పారు. ఖాళీ. "చెల్లు ఏదండీ?" అన్నారు. కొంత బాకీ కట్టినట్టు నోటు వెనక రాసేదాన్ని చెల్లు అంటారు. అడగ్గానే తీర్చాల్సిన నోటు మీద కోర్టుకెళ్లడానికి గడువు, నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. అది 2012 ఆగస్టుతోనే అయిపోయింది. 8 వేలు ఇచ్చిన రోజున నోటు వెనక ఆ సంగతి రాయించి ఆయన చేత సంతకం పెట్టించుకుని ఉంటే, అప్పటి నుంచి మళ్లీ మూడేళ్లు ఉండేవి. నాన్న ఖాతా పుస్తకం ముందుకు జరిపారు. మన పుస్తకంలో మనం రాసుకున్న పద్దు ఒక్కటే చూపించి ఎదుటివాడి మీద బాకీ నిలబెట్టలేమన్నారు వకీలు.

"ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు, మినహాయింపులు మూడు" అని కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌ను అంతకు వారం ముందే పరీక్షకు బట్టీ కొట్టాను. అందులో మూడోది ఆ గదిలో అర్థమైంది. గడువు దాటిన బాకీనైనా తీరుస్తానని కొత్తగా రాసి సంతకం పెడితే అది చెల్లుతుంది. ఆ మాటే పట్టుకుని నాన్న వెళ్తే, "బావా, మన మధ్య కాగితాలెందుకు?" అన్నాడాయన.

అన్నట్టు, డెబిట్ క్రెడిట్ల గందరగోళం సగం బ్యాంకులు పెట్టిందే. క్లాసులోనేమో మన చేతికి వచ్చినదానికి డెబిట్ అంటారు, జీతం పడితే ఫోనుకు "క్రెడిట్" అని వస్తుంది. అది బ్యాంకు పుస్తకంలోని మాట. అక్కడ మీరు అప్పిచ్చినవారు, వాళ్లు మీకు బాకీ. ఈ ఒక్క ముక్క మొదటి రోజే చెబితే సగం మంది ఫెయిలవ్వరు.

ఆ 24 వేలు రాని బాకీల కింద నష్టంలో రాసి ఖాతా మూసేద్దామని ఎన్నిసార్లు చెప్పినా నాన్న ఒప్పుకోలేదు. రాస్తే ఆయనకు మాఫీ చేసినట్టేనట. కాదు, ఖాతా మూయడం మన లెక్క కోసమే అంటే వినరు. 2016లో మా చెల్లి పెళ్లికి ఆయన వచ్చి 1,116 చదివించాడు. ఆ రాత్రి నాన్న చదివింపుల పుస్తకం ముందేసుకుని, "ఇది చెల్లు కింద వస్తుందేమో చూడరా" అన్నారు.

ఆ పద్దు రాసింది మా బాబాయి. బాకీ ఉన్నాయన సంతకం అందులోనూ లేదు.