బ్రేక్‌త్రూ అనాలంటే ముందు ఒక అడ్డు ఉండాలి

‘బ్రేక్‌త్రూ’కి, ‘ప్రోగ్రెస్’కి తేడా ఏమిటి, రెండూ పురోగతే కదా అని అడిగారు. తిరుపతిలో పదకొండేళ్లుగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, నేను మా బోరు సంగతే చెబుతాను.

మాది పాకాల దగ్గర పల్లె. నాన్న వేయించిన మొదటి రెండు బోర్లలో చుక్క నీళ్లు పడలేదు. మూడోది వేసేటప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. సాయంత్రం నుంచి బోరు బండి రాయిని తొలుస్తూనే ఉంది. తెల్లటి పొడి మా తలల మీద, పక్కనున్న వేరుశనగ చేను మీద పడుతూనే ఉంది. నాలుగు వందల అడుగులు, ఐదు వందలు... ఒక్కో రాడ్డు దిగేకొద్దీ ఖర్చు పెరుగుతోంది. నాన్న గట్టు మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. 640 అడుగుల దగ్గర ఆ పొడి ఉన్నట్టుండి తడిసి బురదయింది. ఆ వెంటనే నీళ్లు ఎగజిమ్మాయి.

రాడ్లు దిగుతూ పోవడం ప్రోగ్రెస్. నీళ్లు పడిన ఆ క్షణం బ్రేక్‌త్రూ. చూసేవాళ్లకు హఠాత్తుగా జరిగినట్టుంటుంది కానీ, దాని వెనక రాత్రంతా తొలిచిన రాయి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో శత్రువుల వరుసను ఛేదించుకుని అవతలికి పోవడాన్ని ఇలా అనేవారు. సైన్సుకీ మిగతా రంగాలకీ ఆ మాట తర్వాత పాకింది.

మనకు దగ్గర్లోని శ్రీహరికోటనే చూడండి. అతి చల్లని ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ రాకెట్ ఇంజిన్ టెక్నాలజీ రష్యా నుంచి రాకుండా ఆగిపోయాక, 1994లో ఇస్రో సొంతంగా ఆ పని మొదలుపెట్టింది. మైనస్ 253 డిగ్రీల చలిలో ఉండే ద్రవ హైడ్రోజన్‌తో పని అది. 2010 ఏప్రిల్‌లో ఆ ఇంజిన్‌తో ఎగిరిన మొదటి రాకెట్ విఫలమైంది. 2014 జనవరి 5న అదే రకం ఇంజిన్‌తో ఎగిరిన జీఎస్‌ఎల్‌వీ-డీ5 రాకెట్ విజయవంతమైంది. దాన్ని బ్రేక్‌త్రూ అనాలి. తర్వాత బాగా సాగిన ప్రతి ప్రయోగానికీ ఆ మాట అక్కర్లేదు, సక్సెస్ అంటే చాలు.

మార్కులు 62 నుంచి 68కి పెరిగితే అది ఇంప్రూవ్‌మెంట్. మా క్లాసులో మూడు నెలలు నోరు విప్పని ఒకమ్మాయి, ఒకరోజు లేచి నిలబడి తన ఊరి గురించి ఐదు నిమిషాలు ఆగకుండా మాట్లాడింది. తనకు అది నిజంగా బ్రేక్‌త్రూ.

వాడేటప్పుడు ‘డిడ్ ఎ బ్రేక్‌త్రూ’ అనకండి, ‘మేడ్ ఎ బ్రేక్‌త్రూ’ అనాలి. ఏ విషయంలో అన్నది చెప్పడానికి ‘ఇన్’ వస్తుంది. నామవాచకమైతే ఒకే పదంగా, క్రియ అయితే ‘బ్రేక్ త్రూ’ అని విడదీసి రాయాలి.

తెలుగులోకి తెచ్చేటప్పుడు అన్నిచోట్లా ‘పురోగతి’ అని రాసేస్తున్నారు. నాకది నచ్చదు, అందులో అడ్డు కనపడదు. పోలీసు కేసైతే ‘చిక్కుముడి వీడింది’, చర్చలైతే ‘ప్రతిష్టంభన తొలగింది’, పరిశోధనైతే ‘కీలకమైన ముందడుగు’ అని రాయండి. కోవిడ్ రోజుల్లో విన్న ‘బ్రేక్‌త్రూ ఇన్‌ఫెక్షన్’కి మాత్రం ఇవేవీ కుదరవు. టీకా వేయించుకున్నా ఆ రక్షణను దాటుకుని వైరస్ సోకడం అని దానర్థం, కాబట్టి ‘టీకా తర్వాత సోకిన ఇన్‌ఫెక్షన్’ అనే రాయాలి.