కథ మధ్యలో ఉన్నవారికి నిరీక్షణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రోజూ బైబిల్ చదువుతున్నాను. ఆదివారం ఆరాధన మానలేదు. అయినా కొన్ని నెలలుగా లోపలంతా ఎండిపోయినట్టుంది. ఏ వాక్యం చదివినా ముందే తెలిసినదే అనిపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు? (ఒక సోదరి)

జవాబు: కొన్నాళ్ళు వాగ్దాన కార్డులు, రోజుకో వచనం పద్ధతి పక్కనపెట్టండి. ఎండిన మనసుకు విడి వచనం త్వరగా ఆనదు. ఒక మనిషి కథ మొత్తం కావాలి, ఆ మనిషి కూలబడిన చోటు కూడా అందులో ఉండాలి. మీ ఉత్తరం చదివితే ప్రవక్త ఏలీయా గుర్తొస్తున్నాడు. 1 రాజులు 18, 19 అధ్యాయాలు తీయండి. కర్మెలు కొండమీద అగ్ని దిగిన 18వ అధ్యాయం ఎన్నోసార్లు విని ఉంటారు. 19కి వచ్చేసరికి బోధకులు చాలామంది నేరుగా నిమ్మళమైన స్వరం దగ్గరికి వెళ్ళిపోతారు. మీకు కావలసింది ఆ రెంటి మధ్య ఉంది.

వారం రోజులు పెట్టుకోండి. మొదటి రోజు రెండు అధ్యాయాలూ ఆగకుండా, పైకి చదవండి. పావుగంట సరిపోతుంది. పైకి చదవమనడానికి కారణముంది: తెలిసిన కథను కళ్ళతో చదివితే సగం వచనాలు దాటేస్తాం, నోటితో చదివితే ప్రతి మాట దగ్గరా ఆగక తప్పదు.

రెండో రోజు, మూడో రోజు 19:1-8 మాత్రమే. ఏలీయా బెయేర్షెబాలో తన దాసుణ్ణి వదిలేసి, ఒంటరిగా ఒక రోజు ప్రయాణమంత దూరం అరణ్యంలోకి పోతాడు. బదరీ చెట్టు కింద కూర్చుని ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణే అడుగుతాడు. ఆ తర్వాత జరిగినవి వరుసగా చూడండి. నిద్రపోయాడు. దూత ముట్టి లేపాడు. తల దగ్గర నిప్పులమీద కాల్చిన అప్పం, నీళ్ళ బుడ్డి ఉన్నాయి. తిన్నాడు, తాగాడు, మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది, లేచి తిను అన్నాడు. 'నీకు విశ్వాసం తగ్గింది' అన్న మాట ఈ ఎనిమిది వచనాల్లో ఎక్కడా లేదు.

నాలుగో రోజు, అయిదో రోజు 9-14. హోరేబు కొండ దగ్గర దేవుడు 'ఇక్కడేం చేస్తున్నావు?' అని రెండుసార్లు అడిగాడు, ఏలీయా రెండుసార్లూ ఒకే జవాబు చెప్పాడు. గాలి, భూకంపం, అగ్ని దాటిపోయి, నిమ్మళమైన స్వరం విన్న తర్వాత కూడా అతని మాట మారలేదు. గొప్ప ఆత్మీయ అనుభవం కలిగినా నిరాశ వెంటనే వదలకపోవచ్చని లేఖనమే ఒప్పుకుంటోంది. మీ పరిస్థితిలో ఇది చాలా పెద్ద ఓదార్పు. చివరి రెండు రోజులు 15-21. నేనొక్కణ్ణే మిగిలానన్నవాడికి దేవుడు పని అప్పగించాడు, బయలు దేవతకు మోకరించనివారు 7000 మంది ఉన్నారని చెప్పాడు, ఎలీషాను తోడిచ్చాడు. దాసుణ్ణి వదిలి వచ్చినవాడు అధ్యాయం చివర ఒంటరిగా లేడు.

రోజూ చదివాక నోటుపుస్తకంలో రెండే రెండు వాక్యాలు రాయండి: ఈ భాగంలో దేవుడు ఏమి చేశాడు, ఏమి చేయలేదు. 'నేనేం చేయాలి' అని మాత్రం ఈ వారం రాయొద్దు. అలసిన విశ్వాసి చేసే మామూలు పొరపాటు అదే. ప్రతి కథలోనూ తనకో కొత్త బాధ్యత వెతుక్కుని ఇంకా అలసిపోతారు.

మరో మాట, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. నిద్ర, ఆకలి దెబ్బతిని రెండు వారాలు దాటితే, ఏ పనిమీదా మనసు నిలవకపోతే డాక్టరుకు చూపించుకోండి. చనిపోవాలన్న తలంపు వస్తుంటే ఒక్క రోజు కూడా ఆగకండి, ఇంట్లోవాళ్ళకు చెప్పి వెంటనే వెళ్ళండి. దేవుడు ఏలీయాకు మొదట ఇచ్చింది నిద్ర, ఆహారం. శరీరానికి వైద్యం చేయించుకోవడం ప్రార్థన మానినట్టు కాదు.

ప్రశ్న: మా సంఘంలో ఒక కుటుంబం ఎదిగిన కొడుకును పోగొట్టుకుంది. పరామర్శకు వెళ్ళినవాళ్ళం యోసేపు కథ చెప్పి, అంతా మేలుకే జరిగిందన్నాం. అప్పటినుంచి ఆ తల్లి కూడికలకు రావడం లేదు. వాక్యమే కదా చెప్పాం, తప్పెక్కడ జరిగింది? (సంఘ పెద్ద ఒకరు)

జవాబు: వాక్యం సరైనదే. చెప్పిన మనిషీ సమయమూ సరిపోలేదు. యోసేపు లెక్క ఒకసారి చూడండి. అన్నలు గుంటలో పడేసి అమ్మేసేటప్పటికి 17 ఏళ్ళు, ఫరో ఎదుట నిలిచేటప్పటికి 30. ఆ పైన ఏడేళ్ళ సమృద్ధి, రెండేళ్ళ కరవు. 'నన్ను ఇక్కడికి పంపింది దేవుడే' అని 45వ అధ్యాయంలో అన్నాడంటే, గుంటలో పడిన సుమారు 22 ఏళ్ళకు అన్నాడు. అదీ తానే అన్నాడు. గుంట అంచున నిలబడి ఇంకెవరో అతనికి చెప్పిన మాట కాదది. ఆ మాట అనేముందు చాటుకు వెళ్ళి ఏడ్చాడు, లోపలి గదిలోకి వెళ్ళి ఏడ్చాడు, చివరికి అందరికీ వినబడేలా ఏడ్చాడు. ఆ తల్లి బహుశా ఏదో ఒకరోజు తన నోటితో అలాంటి మాట అంటుంది. అనకపోనూవచ్చు. ఆమె తరఫున మనం అనకూడదు.

ఇప్పుడు చేయవలసింది చెబుతాం. ఇద్దరే వెళ్ళండి, ఒకరు స్త్రీ అయితే మంచిది. ముందుగా 'ఆరోజు తొందరపడి మాట్లాడాం, క్షమించండి' అనండి. సంజాయిషీ వద్దు. యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేలమీద మౌనంగా కూర్చున్నారు. వాళ్ళు మంచి చేసింది ఆ ఏడు రోజులే, నోరు తెరిచాక చెడింది. అరగంటకు మించి కూర్చోకండి. బిడ్డ పేరు పలకండి. పేరెత్తితే బాధపడుతుందని అందరూ దాటేస్తారు, తల్లికి అది రెండో నష్టం.

వాక్యం చదవమని ఆమె అడిగితేనే యోహాను 11 తీయండి. మార్త, మరియ ఇద్దరూ యేసుతో ఒకే మాటన్నారు: నీవిక్కడ ఉంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదు. మార్తతో ఆయన పునరుత్థానం గురించి మాట్లాడాడు. మరియ దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాడు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. ఒకే దుఃఖంలో ఉన్న ఇద్దరికి రెండు రకాల ఓదార్పు కావలసి వచ్చింది. ఆమె మార్తో మరియో మీరు నిర్ణయించకండి, ఆమె మాటలు వినండి. అడగకపోతే 88వ కీర్తన చాలు, వ్యాఖ్యానం లేకుండా. అది చీకటిలోనే ముగుస్తుంది. అలాంటి ప్రార్థనకూ పరిశుద్ధ గ్రంథంలో చోటుందని ఆమెకు తెలియాలి. మూడు నెలల తర్వాత, ఆరు నెలల తర్వాత, ఏడాది తిరిగిన రోజున తప్పక వెళ్ళండి. పరామర్శలు తగ్గిపోయే కాలం అదే.

ప్రశ్న: వారానికొకసారి పదిమందిమి ఇంట్లో కూడుకుంటాం. ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్ళు ఆమేన్ అని ఊరుకుంటారు. కథల ద్వారా ధ్యానం ఎలా నడపాలి? (గృహ కూడిక నాయకురాలు)

జవాబు: రూతు గ్రంథం తీసుకోండి. నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు, నాలుగు వారాలు. గంట సమయాన్ని ఇలా పంచుకోండి. మొదటి అయిదు నిమిషాలు ఒక పాట, చిన్న ప్రార్థన. తర్వాత పది నిమిషాలు అధ్యాయాన్ని రెండుసార్లు చదవాలి. మొదటిసారి ఒకరే, రెండోసారి పాత్రలు పంచుకుని. మౌనంగా ఉండేవారికి పాత్ర ఇవ్వండి, అభిప్రాయం అడిగితే బిగుసుకుపోయేవారు కూడా నయోమి మాటలు చదవడానికి ఒప్పుకుంటారు. మరో పది నిమిషాలు పుస్తకం మూసి, అందరూ కలిసి కథను తిరిగి చెప్పాలి, ఒక్కొక్కరు ఒక్కో వాక్యం. మాట్లాడే ఇద్దరికీ ఇక్కడే కళ్ళెం పడుతుంది. పాతిక నిమిషాలు ప్రశ్నలు, మిగిలిన పది నిమిషాలు ప్రార్థన.

ప్రశ్నలు మూడు చాలు. కథలో మీరు ఎక్కడ ఆగిపోయారు? దేవుడు కనబడకుండా పనిచేస్తున్నట్టు ఎక్కడ అనిపించింది? ఈ కథలో మీరిప్పుడు ఏ వచనం దగ్గర ఉన్నారు? ఈ మూడోదే అసలు ప్రశ్న. జవాబు చెప్పమని ఎవర్నీ బలవంతపెట్టొద్దు.

మొదటి వారం ఒక దృశ్యం దగ్గర నిలపండి. భర్తనూ ఇద్దరు కొడుకులనూ మోయాబు దేశంలో పోగొట్టుకుని, కోడలు రూతుతో బేత్లెహేము చేరిన నయోమి, నిండుగా వెళ్ళాను, యెహోవా నన్ను వట్టి చేతులతో తిరిగి రప్పించాడు, నన్ను మారా (చేదు) అని పిలవండి అంటుంది. అలా అంటున్నప్పుడు రూతు పక్కనే ఉంది. దుఃఖంలో నయోమికి రూతు కనబడలేదు. ఊరి స్త్రీలు అందుకు ఆమెను తప్పుపట్టలేదు. నాలుగో అధ్యాయంలో అదే స్త్రీలు, ఏడుగురు కొడుకులకంటే ఎక్కువైన కోడలని రూతును చూపిస్తారు. మొదటి అధ్యాయం చివరి మాట యవలకోత మొదలైందని. మొదటి వారం అక్కడే ఆపండి, రూతును పెళ్ళాడే బోయజు సంగతి ఎత్తకండి. 'చివరికి పెళ్ళయింది కదా' అని ఎవరైనా ముందుకు పరుగెత్తితే, వచ్చే వారానికి ఉంచుదామని నవ్వుతూ చెప్పండి. ముగింపు ముందే చెప్పేస్తే, ఇంకా మోయాబు దారిలోనే ఉన్నవారికి ఆ కథలో చోటుండదు.

రహస్యం గురించి కూడా మొదటిరోజే మాట తీసుకోండి. ఇక్కడ చెప్పుకున్నది ప్రార్థన విన్నపం పేరుతో కూడా బయటికి పోకూడదు. ఒక్కసారి పోయిందంటే ఆ కూడికలో మళ్ళీ ఎవరూ నిజం చెప్పరు.

ప్రశ్న: సండే స్కూల్ పిల్లలు దావీదు గొల్యాతు కథ మొదలుపెట్టగానే 'మాకు తెలుసు' అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: దావీదును ఆలస్యంగా తీసుకురండి. 1 సమూయేలు 17:16 ప్రకారం గొల్యాతు 40 రోజులు, ఉదయం ఒకసారి సాయంత్రం ఒకసారి వచ్చి నిలబడ్డాడు. పిల్లల్ని ఇశ్రాయేలు సైనికులుగా కూర్చోబెట్టి కథ వాళ్ళవైపు నుంచి చెప్పండి. కవచం ఉంది, కత్తి ఉంది, కాళ్ళు కదలడం లేదు. 'నువ్వూ దావీదులా ధైర్యంగా ఉండాలి' అని ముగిస్తే భయపడే పిల్లాడు ఇంకాస్త కుంచించుకుపోతాడు. 52వ వచనం చూపించండి: దావీదు గెలిచాక ఆ భయపడ్డవాళ్ళే కేకలు వేస్తూ లేచి శత్రువును తరిమారు. తమకోసం మరొకరు గెలిచారు కాబట్టి లేవగలిగారు. సువార్తను ఇంతకన్నా సూటిగా పిల్లలకు చెప్పడం కష్టం. పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. చెప్పేవారు ముందుగా అధ్యాయాన్ని మూడుసార్లు పైకి చదువుకుని, క్లాసులో పుస్తకం చూడకుండా చెప్పాలి.

ప్రశ్న: సంఘంలో పరిచర్య చేసేవాళ్ళంతా నీరసించిపోయారు. ఉజ్జీవ కూడికలు పెట్టాలనుకుంటున్నాం. ఏ అంశం బాగుంటుంది?

జవాబు: ఈ స్థితిలో కూడికలు పెడితే కుర్చీలు వేసేదీ, పాటలు పాడేదీ, వంట చేసేదీ ఆ అలసినవాళ్ళే. ముందు పెద్దలంతా కలిసి 1 సమూయేలు 30 చదవండి. దావీదు మనుషులు కాపురమున్న సిక్లగు ఊరు శత్రువుల చేతిలో కాలిపోయింది, దావీదూ అతని మనుషులూ ఏడ్చే ఓపిక కూడా లేకుండా ఏడ్చారు. ఆ శత్రువులను తరమడానికి బయలుదేరిన 600 మందిలో 200 మంది బెసోరు వాగు దగ్గర ఇక నడవలేక ఆగిపోయారు. గెలిచి తిరిగొచ్చాక కొందరు వాళ్ళకు కొల్లసొమ్ములో భాగమివ్వొద్దన్నారు. దావీదు ఒప్పుకోలేదు: యుద్ధానికి పోయినవాడి భాగమెంతో సామాను దగ్గర ఉన్నవాడి భాగమూ అంతే. దాన్నే ఇశ్రాయేలులో కట్టడగా, అంటే నియమంగా నిలిపాడు.

మీరూ అలాంటి కట్టడ ఒకటి రాసుకోండి. పరిచర్యల జాబితా తీసి, ఒక్కొక్కదాని పక్కన చేస్తున్నవారి పేరు, ఎన్నాళ్ళుగా చేస్తున్నారో రాయండి. ఒకే పేరు మూడుచోట్ల కనబడితే రెండు తీసేయండి. ఏడాది దాటినవారికి ఆరు వారాల విశ్రాంతి ఇవ్వండి. ఆ ఆరు వారాలూ వాళ్ళు ఆరాధనకు వచ్చి కూర్చుంటే చాలు. వాళ్ళ స్థానంలో ఎవరూ దొరకకపోతే ఆ పనిని అన్ని వారాలూ ఆపండి. పిల్లల క్లాసు ఆపలేరు కాబట్టి దానికి మాత్రం ముందే ఇద్దరిని సిద్ధం చేసుకోండి. విశ్రాంతిలో ఉన్నవారి పేర్లు ప్రకటించేటప్పుడు పాస్టర్ గారు బెసోరు కథ చెప్పి, సంఘమంతటి ముందు వారికి కృతజ్ఞత చెప్పాలి. లేకపోతే 'ఫలానావారిని తీసేశారట' అన్న మాట ఆ సాయంత్రానికే పుడుతుంది.