ఫార్గోలో చలి పడగానే టైర్ లైట్ వెలిగితే

అమెరికాలోని ఫార్గోలో చలి పడగానే, టైర్లలో గాలి తక్కువని చెప్పే లైట్ కారు డ్యాష్‌బోర్డులో వెలిగిందని, పంక్చరేమోనని ఒకరు అడిగారు. పంక్చర్ కాకపోవచ్చండి, చలే కారణం. నిన్న మధ్యాహ్నం 45, ఈ ఉదయం 10 డిగ్రీల ఫారెన్‌హీట్ అన్నారు కదా. ప్రతి 10 డిగ్రీల తగ్గుదలకు టైర్లో గాలి పీడనం సుమారు 1 పీఎస్ఐ (పీడనాన్ని కొలిచే యూనిట్) పడిపోతుంది. కెనడా గాలి దిగే నవంబర్‌లో నార్త్ డకోటాలో ఇది మామూలే, టెన్షన్ పడకండి.

1. కారు తీయకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గేజ్‌తో గాలి పీడనం చూడండి. అందరూ వదిలేసేది ఇదే. బంకు దాకా నడిపితే టైరు వేడెక్కి అంకె పెరుగుతుంది, సరిపోయిందనుకుంటారు. మర్నాడు పొద్దున్నే లైట్ మళ్లీ వెలుగుతుంది. అందుకే ఇంటి దగ్గరే ఎంత తక్కువుందో రాసుకుని, బంకులో అంత కలపండి.

2. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీదున్న అంకే లెక్క. టైరు మీద రాసింది గరిష్ఠ పరిమితి.

3. ఒక్క టైరే మళ్లీ దిగితే పంక్చర్ చూపించండి.